మనల్ని లెక్కపెట్టే యాప్‌కు తొందర, మన భాష యాప్‌కు మాత్రం ఆగమంటారా?



ఒక చిన్న పని చేయండి. మీ ఫోను తీసి అందులో ఉన్న యాప్‌లు లెక్కపెట్టండి. వాటిలో మీ అమ్మ మాట్లాడే భాషలో పనిచేసేవి ఎన్ని? గోండి, కోయ, కొలామి, సవర, కువి, ఏదైనా సరే. చాలామందికి వచ్చే జవాబు సున్నా.

ఇప్పుడు రెండో లెక్క. మీ అమ్మ వేలిముద్ర, ముఖం, ఆమె నిలబడ్డ చోటు నమోదు చేసే మిషన్లు, యాప్‌లు ఎన్ని? రేషను డిపోలో ఒకటి. ఉపాధి పని దగ్గర ఒకటి. పింఛను దగ్గర ఒకటి. బ్యాంకు మిత్ర దగ్గర ఒకటి. ఈ లెక్క సున్నా దగ్గర ఆగదు.

ఈ రెండో రకం ఏదీ పూర్తిగా తయారయ్యాక మన ఊరికి రాలేదు. సిగ్నలు లేని గూడేనికి సిగ్నలుతో నడిచే మిషను వచ్చింది. రాళ్లు మోసి గీతలు అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర మిషను వచ్చింది. అడిగితే ఏమన్నారు? "ముందు మొదలుపెడదాం, లోపాలు ఉంటే తర్వాత సరిచేద్దాం."

మొదటి రకం దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. "మీ భాషకు లిపి తేలలేదు. ఎవరి యాస తీసుకోవాలో తేలలేదు. సరిపడా డేటా లేదు. తప్పులు వస్తాయి. పూర్తిగా తయారు కానివ్వండి, ఆగండి." ఈ మాట బయటివాళ్లు అంటే సరే, అలవాటే. మనోళ్లు కూడా అంటున్నారు. చదువుకున్న మనోళ్లు, సంఘాల్లో పెద్దలు, లిపి కోసం నిజాయితీగా కష్టపడుతున్న వాళ్లు కూడా అంటున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

నా మాట సూటిగా చెప్తా. మన భాషకు పనికొచ్చే పనిముట్లు లోపాలతోనే ఇవాళ బయటికి రావాలి. మన మీద తప్పనిసరి చేసే పనిముట్లు మాత్రం లోపాలు పోయేదాకా ఊరి పొలిమేర దాటి లోపలికి రాకూడదు. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

"ఇదెట్లా? ఒక చోట సగం పని చాలంటావు, ఇంకో చోట చాలదంటావు" అని అడుగుతారేమో. అడగండి. జవాబు ఉంది. దానికి ముందు ఆగినవాళ్ల కథ, ఆగనివాళ్ల కథ చూద్దాం.

ఆగనివాళ్లకు ఏం దక్కింది?

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉందా? దాని లోపల అడుగున నడిచేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. దాన్ని 1991లో మొదలుపెట్టింది ఫిన్లాండ్‌లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకునే 21 ఏళ్ల కుర్రాడు, లీనస్ టోర్వాల్డ్స్. ఆయన మొదట బయట పెట్టినప్పుడు అది ఎట్లా ఉందో తెలుసా? ఒకే రకం ప్రాసెసర్ మీద నడిచేది. ఫిన్లాండ్ వాళ్ల కీబోర్డుకే సరిపోయేది. అంటే తన గదిలో, తన ముందున్న కంప్యూటర్‌కు పనికొచ్చేది చేసుకుని "ఇదిగో, చూడండి" అని నలుగురి ముందు పెట్టాడు. చూసినవాళ్లు తప్పులు చెప్పారు, కొందరు తామే దిద్దారు. అట్లా పెరిగింది.

అదే కాలంలో గ్నూ ప్రాజెక్టు వాళ్లు హర్డ్ అనే ఇంకో కెర్నల్ మొదలుపెట్టారు. 1990లో, అంటే లినక్స్ కంటే ముందే. వాళ్ల నమూనా గొప్పదని నిపుణులు ఒప్పుకున్నారు. గొప్పగా కట్టాలని కడుతూనే ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటినా 1.0 వెర్షన్ రాలేదు. వాళ్లకు తెలివి తక్కువై కాదు, వాళ్లు మహా మేధావులు. పదిమంది చేతుల్లో పడి వాడుకలో ఉన్న సరుకు వాడుకలోనే బాగుపడింది. అంతే తేడా.

కంప్యూటర్లు రాకముందు సంగతి చూద్దాం. గిడుగు రామమూర్తి గారిని తెలుగు వాళ్లు వ్యావహారిక భాషా ఉద్యమకారుడిగా తలుచుకుంటారు. మనం తలుచుకోవాల్సిన కారణం ఇంకొకటి ఉంది. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర నేర్చుకున్నాడు. సవరకు అప్పుడు సొంత లిపి లేదు. "లిపి వచ్చాక చూద్దాం" అని ఆయన కూర్చోలేదు. తెలుగు లిపిలోనే సవర పిల్లలకు వాచకాలు రాశాడు. సవర భాషలో గొంతు దగ్గర నొక్కి ఆపే ధ్వని ఒకటి ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. లోపమే. ఆ లోపంతోనే పని నడిచింది. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో వచ్చింది. సవరకు సొంత లిపి సోరాంగ్ సోంపెంగ్‌ను మంగెయి గొమాంగో 1936లో తయారుచేశాడు. ఆ లిపి యూనికోడ్‌లోకి వచ్చింది 2012లో. గిడుగు ఆగి ఉంటే మూడు తరాలు దాటి పోయేవి.

సంతాలీల దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి తయారుచేశాడు. వంద ఏళ్లు గడిచినా లిపి గొడవ పూర్తిగా తీరలేదు. ఇవాళ్టికీ సంతాలీని కొందరు ఓల్ చికిలో, కొందరు బెంగాలీ లిపిలో, కొందరు దేవనాగరిలో, కొందరు రోమన్‌లో రాస్తారు. అయినా పని ఆపారా? 2003లో రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలు ఎక్కింది. 2008లో ఓల్ చికి యూనికోడ్ ఎక్కింది. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. గొడవ ఒక పక్క, పని ఒక పక్క నడిపారు.

తెలుగు వాళ్లు మాత్రం? కంప్యూటర్‌లో తెలుగు అక్షరం సరిగా కనపడని రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒకరిది ఇంకొకరికి తెరుచుకునేది కాదు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైనప్పుడు చాలా కంప్యూటర్లలో అది విరిగిన అక్షరాలతోనో డబ్బాలతోనో కనపడేది. కోట్లమంది మాట్లాడే, ప్రభుత్వం వెనక ఉన్న తెలుగే సగం సరుకుతో నడిచొస్తే, మన భాషలకు మాత్రం పూర్తి సరుకు వచ్చేదాకా నోరు మూసుకోమనడం ఏం న్యాయం?

"ముందు లిపి తేలాలి" అనేవాళ్లకు

గోండికి ఇప్పుడు యూనికోడ్‌లో ఒకటి కాదు, రెండు లిపులు ఉన్నాయి. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లో తయారుచేసిన మసరాం గోండి 2017లో చేరింది. మన ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల్లోని గుంజాల గోండి 2018లో చేరింది. ఇది మన గర్వం. ఆ ప్రతులు దాచిన పెద్దలకు, వాటిని వెలుగులోకి తెచ్చిన వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

కానీ గర్వం వేరు, అడ్డుగోడ వేరు. "గుంజాల లిపిలో కీబోర్డు, పుస్తకాలు, అన్నీ వచ్చాకే గోండి రాద్దాం, తెలుగు లిపిలో రాస్తే మన భాషకు అవమానం" అనే మాట వింటున్నా. ఈ మాట వల్ల గుంజాల లిపికి ఒక్క పాఠకుడు కూడా పెరగడు. గోండిలో రాసేవాళ్లు మాత్రం తగ్గుతారు.

ఒక సాంకేతిక విషయం అర్థం చేసుకుంటే ఈ గొడవ సగం తీరుతుంది. ఇవాళ మీరు తెలుగు లిపిలో గోండి టైపు చేస్తే అది రేపు గుంజాల లిపిలోకి మారడం కష్టం కాదు. రెండూ హల్లుకు గుణింతం తగిలించే లిపులే. ఏ అక్షరానికి ఏ అక్షరం అని పట్టిక రాసిస్తే చిన్న ప్రోగ్రాము మొత్తం పుస్తకాన్ని క్షణంలో మార్చేస్తుంది. పైగా గోండిలో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఈ తేడా చూపించే అక్షరాలు తెలుగులో మామూలుగానే ఉన్నాయి. హిందీ రాసే దేవనాగరిలో అట్లా లేవు. కాబట్టి తెలుగు లిపిలో రాసింది పోదు, చెడదు. రాయనిదే పోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-05 ప్రాంతంలో మాతృభాషా బోధన మొదలైనప్పుడు గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ 8 భాషలకు వాచకాలు తయారైంది తెలుగు లిపిలోనే. ఆ కార్యక్రమం నడిచిన తీరు మీద మనకు వంద ఫిర్యాదులు ఉండొచ్చు. కానీ మొదటిసారి బడి పుస్తకంలో తన ఇంటి మాట చూసిన పిల్లకు ఆ లిపి ఏదన్నది ఫిర్యాదు కాదు.

ఒక్క విషయంలో మాత్రం "ఆగండి" అనేవాళ్ల మాట నూటికి నూరు పాళ్లు నిజం. యూనికోడ్‌లోకి లిపిని ఎక్కించే పని తొందరపడి చేయకూడదు. ఎందుకంటే అక్కడ ఒకసారి చేరిన అక్షరాన్ని మళ్లీ తీసేయరు, పేరు కూడా మార్చరు. అది రాతి మీద చెక్కడం లాంటిది. అక్కడ పదేళ్లు పట్టినా పట్టాలి, పెద్దలు కూర్చోవాలి. కానీ కీబోర్డు రాయి కాదు. నిఘంటువు యాప్ రాయి కాదు. పిల్లల కథల యాప్ రాయి కాదు. అవి ఇసుకలో గీత. తప్పయితే చెరిపి మళ్లీ గీస్తాం. రాతికి ఉన్న నియమం ఇసుకకు పెడితే మన పిల్లలు ఎప్పటికీ రాత నేర్చుకోలేరు.

"ఎవరి గోండి?" అనేవాళ్లకు

2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా, ఇట్లా రాష్ట్రాల గీతల మధ్య చీల్చి పడేశారు. ఒక పక్క తెలుగు, ఒక పక్క మరాఠీ, ఒక పక్క హిందీ లాగుతుంటే ఆదిలాబాద్ మాట, గడ్చిరోలి మాట, బస్తర్ మాట వేరు కావడంలో వింత ఏముంది?

"ముందు అందరికీ ఒకే ప్రమాణ గోండి రావాలి, అప్పుడు సాఫ్ట్‌వేర్" అంటారు. నేను అడుగుతున్నా, ఒకరి మాట ఒకరు వినకుండా ప్రమాణం ఎట్లా వస్తుంది? ఆకాశం నుంచి ఊడిపడుతుందా? తెలుగుకు ప్రమాణం వచ్చింది పత్రికలు, రేడియో, సినిమా వచ్చి ఒక జిల్లా మాట ఇంకో జిల్లా చెవిన పడ్డాక. (ఆ ప్రమాణంలో ఎవరి మాట గెలిచిందో, ఎవరి మాటను యాస అని ఎక్కిరించారో తెలంగాణ బిడ్డలను అడగండి. అది ఇంకో వ్యాసం.)

ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర అని మొదలైంది. జర్నలిస్టు శుభ్రాంశు చౌధరి, ఇంకొందరు కలిసి పెట్టారు. అదేం పెద్ద టెక్నాలజీ? ఒక ఫోను నంబరు. మామూలు బటన్ల ఫోను నుంచి కొడితే చాలు. నీ ఊరి సమస్య నీ భాషలో చెప్పి రికార్డు చేయి, వేరేవాళ్లు చెప్పింది విను. లిపి అవసరం లేదు, ఇంటర్నెట్ అవసరం లేదు, చదువు అవసరం లేదు. బోరు పాడైందని, టీచరు రావడం లేదని, కూలి రాలేదని జనం చెప్పారు, పాటలు పాడారు. గోండిలో కూడా. ఆ తర్వాత వేరే వేరే రాష్ట్రాల గోండి వాళ్లు కూర్చుని ఉమ్మడి గోండి నిఘంటువు కోసం పనిచేశారు. వరస గమనించండి. ముందు మాట వినపడింది, తర్వాత నిఘంటువు పని నడిచింది. మనం ఆ వరసను తిరగేసి నిఘంటువు వచ్చాకే నోరు తెరుద్దాం అంటున్నాం.

నిఘంటువు యాప్‌లో ఒక మాటకు నాలుగు ఊళ్ల రూపాలు పక్కపక్కన పెట్టొచ్చు. కాగితం మీద చోటు లేదనొచ్చు, ఫోనులో చోటుకు కరువు లేదు. నాలుగూ ఉంచండి. ఏది నిలుస్తుందో మాట్లాడేవాళ్లు తేలుస్తారు. కమిటీ తేల్చేదాకా మాట్లాడేవాళ్లు బతికి ఉండాలి కదా!

"తప్పులు వస్తాయి" అనేవాళ్లకు

ఇది మాత్రం తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. నిజంగా ప్రమాదం ఉంది.

స్కాట్లాండ్‌లో స్కాట్స్ అనే భాష ఉంది. ఇంగ్లీషుకు దగ్గరి బంధువు. ఆ భాష వికీపీడియాలో వేల వ్యాసాలు రాసింది అమెరికాలో ఉండే ఒక కుర్రాడు. అతనికి స్కాట్స్ రాదు. ఇంగ్లీషు వాక్యాల్లో మాటలు మార్చుకుంటూ పోయాడు. 2020లో బయటపడేదాకా ఏళ్ల తరబడి ప్రపంచం దాన్నే స్కాట్స్ అనుకుంది. కంప్యూటర్లకు భాష నేర్పేది ఇంటర్నెట్‌లో దొరికే రాతలతోనే. చిన్న భాషకు దొరికే కొద్ది రాతలో సగం దొంగ రాత అయితే, ఆ తప్పును కంప్యూటర్ నేర్చుకుని మళ్లీ మన పిల్లలకే నేర్పుతుంది.

కాబట్టి తప్పుల భయం న్యాయమే. కానీ ఆ కథలో లోపం ఎక్కడుంది? త్వరగా బయట పెట్టడంలోనా? కాదు. మాట్లాడేవాళ్లు ఆ గదిలో లేకపోవడంలో. తప్పు దిద్దే చెయ్యి ఆ భాష వాళ్లది కాకపోవడంలో. లినక్స్ తప్పులు ఎందుకు పోయాయి? వాడేవాళ్లే దిద్దారు కాబట్టి. మన ముసలమ్మ విని "ఏయ్, అట్లా అనరు" అంటే మరునాటికి మారే యాప్‌కు వంద తప్పులున్నా భయం లేదు. ఎవరికి చెప్పాలో తెలియని, చెప్పినా మారని యాప్‌కు పది తప్పులున్నా భయమే.

కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025లో ఆది వాణి అనే అనువాద యాప్‌ను బీటాగా వదిలింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండి భాషలకు. ఐఐటీ ఢిల్లీ ముందుండి, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు కలిసి చేశాయి. బీటా అంటేనే పూర్తి కానిది అని అర్థం. దీన్ని చూసి "గోండిని పాడుచేస్తున్నారు" అని తలుపు వేసుకుంటామా, "మిషను మా భాష మాట్లాడుతుంది" అని మురిసిపోతామా? రెండూ వద్దు. వాడండి. మీ ఊరి మాట పెట్టి చూడండి. తప్పు పట్టుకోండి. రాసి పంపండి. ఆదిలాబాద్ గోండి అందులో వినపడకపోతే గట్టిగా అడగండి. దిద్దే కుర్చీలో గోండి మాట్లాడే మన పిల్లలు జీతానికి కూర్చోవాలని డిమాండ్ చేయండి. ఉచిత సేవ కాదు, జీతం!

అదే యాప్‌ను రేపు ఏజెన్సీ ఆసుపత్రిలో పెట్టి "ఇక దుబాసీ అక్కర్లేదు" అంటే? అప్పుడు ఒప్పుకోవద్దు. పాట అర్థం తెలుసుకోవడానికి పదిలో ఏడు సరిగా చెప్పినా సంతోషమే. మందు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పడానికి పదిలో తొమ్మిది సరిగా చెప్పినా ప్రాణం పోతుంది. కోర్టులో వాంగ్మూలం దగ్గరా అంతే. సాఫ్ట్‌వేర్ ఒకటే. ఒక చోట సగం పని వరం, ఇంకో చోట సగం పని ఉరి.

సగం సరుకు ఉరి ఎప్పుడవుతుంది?

ఉపాధి హామీ పనిలో కేంద్రం తెచ్చిన ఎన్‌ఎంఎంఎస్ హాజరు యాప్ మీకు తెలుసు. 2021 మేలో మొదలైంది. 2022లో 20 మంది, అంతకు మించి పనిచేసే చోట్ల తప్పనిసరి చేశారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి. రోజుకు రెండుసార్లు పని దగ్గర ఫొటో తీయాలి, ఆ చోటు, ఆ సమయం దానికి అంటుకుని ఉండాలి.

మైదానంలో బ్రాడ్‌బ్యాండ్ పక్కన కూర్చున్నవాడికి ఇది చిన్న పని. సిగ్నలు కోసం చెట్టెక్కే మనకు? గట్టు మీద పని ముగించుకున్నా రెండో ఫొటో దాకా కూర్చోవాలి. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి గోవిందా. మట్టి తవ్విన చేతులు నిజం, తవ్విన గుంత నిజం, మస్టరులో మాత్రం మనిషి లేడు. 2023లో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంద రోజులు ధర్నా చేస్తామని కూర్చున్నారు. అయినా యాప్ ఆగలేదు. ఇక దొంగతనం ఆగిందా? ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. దొంగకు దారి దొరికింది, కూలికి దొరకలేదు.

ఇక్కడ కూడా వాళ్లు అన్నది అదే మాట కదా, "ముందు మొదలుపెడదాం, తర్వాత దిద్దుదాం" అని? అవును, మాట అదే. కానీ లీనస్ వదిలిన సగం సరుకు నచ్చకపోతే వాడకుండా ఉండొచ్చు. ఈ సగం సరుకు నచ్చకపోతే పొయ్యి వెలగదు. లినక్స్‌లో తప్పుకు నష్టపోయింది ఎక్కువగా రాసినవాడి రాత్రి నిద్ర. ఇక్కడ తప్పు రాసింది ఢిల్లీలో, నష్టపోయింది గూడెంలో. తప్పు చేసిన చెయ్యికి నొప్పి తెలియకపోతే ఆ తప్పు ఎన్నేళ్లయినా పోదు.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ ముందైనా నాలుగు ప్రశ్నలు అడగండి.

1. పాత దారి తెరిచే ఉందా? యాప్ పనిచేయకపోతే కాగితం, మనిషి, సంతకం చెల్లుతాయా?
2. తప్పు జరిగితే నష్టం ఎవరికి? చేసినవాడికా, మనకా?
3. దిద్దే చెయ్యి ఎవరిది? మనం చెప్తే మారుతుందా?
4. చేసిన పని వెనక్కి తీసుకోగలమా?

నాలుగింటికీ మంచి జవాబు వస్తే సగం సరుకైనా ఇవాళే తెమ్మనండి. ఒక్కదానికి చెడ్డ జవాబు వచ్చినా, ఎంత మెరిసే సరుకైనా ఆగమనండి.

ఇది నా సొంత తెలివి అనుకోకండి. ఇందులో మొదటి ప్రశ్న మనం పోరాడి తెచ్చుకున్న చట్టంలోనే ఉంది. అటవీ హక్కుల చట్టం నియమాలను 2012లో సవరించినప్పుడు ఒక మాట రాశారు. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతికత మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలో మాత్రం కూర్చోకూడదు అని. అంటే పోడు భూమి మీద మన పెద్దమనిషి చెప్పే సాక్ష్యం ఉపగ్రహం ఫొటో కంటే తక్కువ కాదు. తోడు రావొచ్చు, తోసేయొద్దు. అడవి విషయంలో ఈ నియమం సరైనదైతే రేషనుకు, కూలికి, ఆసుపత్రికి ఎందుకు సరైనది కాదు? ప్రతి గ్రామసభలో ఈ మాట వినపడాలి.

మరి మనం చేయాల్సింది?

ఎవరో పెద్ద కంపెనీ, పెద్ద సంస్థ వచ్చి చేస్తుందని ఆగొద్దు. భాషిణి అని కేంద్రం 2022లో తెచ్చిన భాషా కార్యక్రమం ప్రధానంగా ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల చుట్టూ తిరుగుతుంది. గోండి ఆ షెడ్యూలులో లేదు. కోయ లేదు. కొలామి లేదు. షెడ్యూలు కోసం పోరాటం ఒక పక్క నడవాలి. దానికోసం పని మాత్రం ఆగొద్దు.

చెల్లీ, తమ్ముడూ, నువ్వు బీటెక్ చదువుతున్నావు. డిగ్రీ చదువుతున్నావు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అని ఎవరో చేసిన లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను కొని పేరు మార్చి ఇస్తున్నావు. ఆ ప్రాజెక్టు నీ భాషకు ఎందుకు కాకూడదు? ఐదువందల మాటల నిఘంటువు చాలు. ఒక్కో మాటకు మీ అవ్వ గొంతు. తెలుగు లిపిలో రాత. ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకోవాలి, బ్లూటూత్‌లో పక్క ఊరికి పంపుకోవాలి. చూడటానికి అందంగా లేకపోయినా పర్వాలేదు. లోపల "తప్పు చెప్పండి" అని ఒక బటన్ మాత్రం తప్పకుండా ఉండాలి. ఆ బటన్ నొక్కితే వచ్చేది నీకే రావాలి, నువ్వు ఆ వారమే దిద్దాలి.

కోడు రాయడం రానివాళ్లు కూర్చోనక్కర్లేదు. సంతకు వచ్చిన పెద్దలతో పది నిమిషాలు కూర్చుని చెట్ల పేర్లు, చేపల పేర్లు, వరసల పేర్లు, విత్తనాల పేర్లు రికార్డు చేయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ రోజో పక్కన రాయండి. యాప్ ఎప్పుడు వచ్చినా దానికి తిండి ఇదే.

ఒక్క జాగ్రత్త. నాలుగో ప్రశ్న మనకూ వర్తిస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టింది వెనక్కి రాదు. పేన్ దగ్గర మాత్రమే పాడే పాటలు, వైద్యం చేసే పెద్దల మూలికల జ్ఞానం, తోటి, పర్ధాన్ కళాకారుల బతుకుదెరువైన కథలు మన తొందరలో బజారున పెట్టొద్దు. అక్కడ ఆగడమే సరైనది. వాళ్లను అడగాలి, ఊరిని అడగాలి. "వద్దు" అంటే వద్దు. తప్పు దిద్దుకోగల చోట పరుగెత్తండి, దిద్దుకోలేని చోట నిలబడండి. ఈ రెండూ కలగలపకపోతే చాలు.

పెద్దలకు ఒక మనవి. లిపి కోసం మీరు పడ్డ కష్టం మాకు తెలుసు. మేం తెలుగు లిపిలో తప్పుల తడకగా ఏదో ఒకటి తెస్తే కోప్పడండి, దిద్దండి, కానీ ఆపొద్దు. మీరు దిద్దడానికి మా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా. ఖాళీ కాగితం మీద తప్పులుండవు, భాష కూడా ఉండదు.

ప్రభుత్వానికి మనవి కాదు, డిమాండ్. ఏజెన్సీలో ఏ యాప్ తప్పనిసరి చేసినా ముందు సిగ్నలు లేని ఊళ్లో, వేలిగీతలు అరిగిన ముసలమ్మ దగ్గర, ఆమె భాషలో పనిచేసి చూపించండి. చూపించేదాకా కాగితం చెల్లాలి. యాప్ తప్పుకు పోయిన ప్రతి రోజు కూలి వడ్డీతో కట్టాలి.

వాళ్ల లెక్కలో మనం అప్పుడే ఎక్కాం మిత్రులారా. వేలు, ముఖం, భూమి అన్నీ ఎక్కాయి. ఎక్కనిది మన మాట ఒక్కటే. దాన్ని ఎక్కించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ సెలవుల్లో ఊరికి వెళ్తున్నారు కదా. వంద మాటలతో మొదలుపెట్టండి.

జై ఆదివాసీ! జై సేవా!
జల్, జంగల్, జమీన్ మనవి. జబాన్ కూడా మనదే!